కడలికి లెక్క కట్టిన కెల్విన్

భువనగిరి దుర్గము ఏకశిలపై వెలసినది. పశ్చిమ చాళుక్య ప్రభువైన త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర త్రిభువనగిరియై, క్రమముగా భువనగిరిగా మారిన ఆ యూరికి సముద్రము రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అచటివారు వానకాలమున చెరువు నిండుటను, వేసవిలో ఇంకుటను చూతురు. నీరు దినమునకు రెండు పర్యాయములు తనంతట లేచి, రెండు పర్యాయములు తనంతట దిగుట వారి కన్నులకు అలవాటైన దృశ్యము కాదు. అయినను ఆ దూరసముద్రముతో భువనగిరికి ఒక సంబంధము కలదు. సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున స్టేషను పలకలపై ఊరిపేరుతో పాటు, ఆ చోటు సముద్రమట్టమునకు ఎన్ని మీటర్ల ఎత్తున నున్నదియు వ్రాయుట ఆచారము. పటములో కొండ ఎత్తు గుర్తించినను, కాలువకై నేలవాలు చూచినను, లెక్క మొదలగునది సముద్రమట్టము నుండియే.

కాని ఆ సముద్రమట్టము ఎచట నున్నది? కడలి ఒక్క గడియయైనను ఒకే ఎత్తున నిలువదు. ఉదయము ఇసుకతిన్నె నంటిన నీరు మధ్యాహ్నమునకు వెనుకకు పోవును. అమావాస్య, పున్నములనాడు పోటు హెచ్చుగను, అష్టమినాడు తక్కువగను ఉండును. విశాఖపట్టణమున పెద్దపోటునాడు నీరు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే లేవగా, పశ్చిమతీరమున భావనగర్ వద్ద పది మీటర్లు దాటి లేచును. ఇంత చంచలమైన నీటిని కొలుచుటకును, దాని రాకపోకలను ముందుగా చెప్పుటకును పలువురు పాటుపడిరి. వారిలో అగ్రగణ్యుడు విలియం థామ్సన్. లోకము అతనిని లార్డ్ కెల్విన్ అను పేర నెరుగును.

థామ్సన్ 1824వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఐర్లండు దేశమందలి బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ థామ్సన్ రైతుబిడ్డ. స్వయంకృషిచే గణితము నేర్చి ఆచార్యపదవి నందినవాడు. విలియమునకు ఆరేండ్ల ప్రాయమున తల్లి గతించెను. తండ్రి మరల వివాహమాడక, బిడ్డలకు తానే గురువై చదువు చెప్పెను. 1832లో ఆయనకు స్కాట్లండునందలి గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఉద్యోగము లభింపగా కుటుంబమంతయు అచటికి తరలెను. 1834లో విలియమును, రెండేండ్లు పెద్దవాడైన అన్న జేమ్సును ఆ విశ్వవిద్యాలయమునందే విద్యార్థులుగా చేరిరి. అప్పటికి విలియము వయస్సు పదేండ్లు. అంత చిన్నబాలుని చేర్చుకొనుట ఆ కాలమున ఆ దేశమున చెల్లెను.

1840లో ఆ బాలునికి ఫ్రెంచి గణితజ్ఞుడైన ఫోరియర్ రచించిన గ్రంథ మొకటి చేత చిక్కెను. అది ఉష్ణము పదార్థములలో ప్రవహించు తీరును వివరించు గ్రంథము. విలియము దానిని రెండు వారములలో చదివి ముగించెను. ఎంత వంకరటింకరయైన చలనమైనను కొన్ని సరళమైన ఊగిసలాటల కలయికయే యని ఫోరియర్ గణితము చూపుచున్నది. పెండ్లిమేళములో నాదస్వరము, డోలు, తాళము కలిసి ఒక్క మ్రోతగా చెవి సోకినను, విన్నవాడు దేనిని దానినిగా గుర్తింపగలడు గదా. గణితము కూడ అట్లే కలిసిన చలనములను విడదీయగలదు. పసితనమున మనస్సులో నాటుకొన్న ఈ భావమే ముప్పదియేండ్ల పిమ్మట కడలిపోటుల విషయమున అతనికి ప్రధానసాధనమైనది.

1841లో అతడు కేంబ్రిడ్జికి పోయి, 1845లో అచటి గణితపరీక్షయందు రెండవ స్థానమున ఉత్తీర్ణుడయ్యెను. మరుసటి సంవత్సరమే, ఇరువదిరెండేండ్ల వయస్సున, గ్లాస్గోలో ప్రకృతిశాస్త్రాచార్యుడయ్యెను. ఆ పీఠమును అతడు ఏబదిమూడేండ్లు అలంకరించెను. ఉష్ణమును గూర్చి అతడు చేసిన పరిశోధనలు శాస్త్రజ్ఞులలో సుప్రసిద్ధములు. నేటికిని ఉష్ణోగ్రతకు కెల్విన్ అను ప్రమాణము అతని పేరనే చెల్లుచున్నది. వాని వివరములు పైతరగతుల పాఠములకు చెందినవి.

సముద్రముతో అతని సంబంధము తంతివలన మొదలయ్యెను. ఐరోపాకును అమెరికాకును నడుమ సముద్రగర్భమున తంతిత్రాడు వేయవలెనని 1857లో ఒక కంపెనీ పూనుకొనెను. థామ్సన్ ఆ పనిలో పాల్గొనెను. రెండువేల మైళ్ల త్రాటిగుండా వచ్చు విద్యుత్తు మిక్కిలి బలహీనమై యుండును. దానిని కనిపెట్టుటకు అతడు చిన్న అద్దముతో, సన్నని కాంతికిరణముతో పనిచేయు సున్నితమైన సాధనమును కల్పించెను. 1858లో త్రాడు వేయబడి వార్తలు నడిచెను. కాని పనిపై అధికారము గలవారు అతని మాట వినక అతిబలమైన విద్యుత్తును పంపిరి. నెలతిరుగకుండ ఆ త్రాడు మూగబోయెను. లక్షల పౌనుల ధనము సముద్రము పాలయ్యెను. మరల ప్రయత్నించి 1866లో జయమందిరి. ఆ యేడే థామ్సనుకు సర్ బిరుదు లభించెను. సముద్రముతో పని కలవాడు ఊహతో గాక కొలతతో నడువవలెనని ఆ యనుభవమువలన అతనికి దృఢపడెను.

గృహజీవనమున మాత్రము అతనికి సుఖము కొరవడెను. 1852లో పెండ్లాడిన మార్గరెట్ చిరకాలము వ్యాధిపీడితయై 1870లో మరణించెను. అంతకు పదేండ్లకు ముందే మంచుపై ఆటలాడుచు పడి కాలు విరిగినందున అతడు యావజ్జీవము కుంటుచునే నడిచెను. భార్య గతించిన సంవత్సరముననే అతడు లాలారూఖ్ అను పేరుగల తెరచాప నౌకను కొని, వేసవి కాలమంతయు దానిపై గడుపసాగెను. అది విలాసనౌకయే యైనను, అతనికి ప్రయోగశాల కూడ నయ్యెను. లోతు తెలిసికొనుటకు అంతవరకు నావికులు ఓడను నిలిపి బరువైన జనపత్రాటిని దింపుచుండిరి. అతడు పియానో వాద్యమునకు వాడు సన్నని ఉక్కుతీగను దింపి, ఓడ సాగుచుండగనే లోతు తెలిసికొను ఉపాయమును కనిపెట్టెను. ఇనుపనౌకలకు పనికివచ్చు దిక్సూచిని కూడ సంస్కరించెను.

పోటుల విషయము అంతకుముందే అతని చేతికి వచ్చియుండెను. అతని ప్రోద్బలముచే 1867లో బ్రిటిష్ వైజ్ఞానికసంఘము ఒక ఉపసంఘమును నియమించెను. రేవులలో పోటులను ఎడతెగక వ్రాయించి, వానికి గణితము కట్టుట దాని కార్యము.

ఈ కార్యము ఎందులకు కష్టమో కొంత తెలిసికొనవలెను. చంద్రసూర్యుల ఆకర్షణవలన పోటు కలుగునని న్యూటన్ నిరూపించి అప్పటికి దాదాపు రెండువందల యేండ్లు కావచ్చెను. కాని కారణము తెలిసినంతమాత్రమున ఒక రేవులో రేపు ఎన్ని గంటలకు ఎంత నీరుండునో చెప్పుట సాధ్యము కాదు. తీరపు వంకర, అడుగుభాగపు లోతు, నదీముఖపు ఇరుకు ఒక్కొక్క రేవున ఒక్కొక్క తీరుగా పోటును మార్చును. నీరు చాలినంత లేదని తెలియక లోనికి వచ్చిన ఓడ ఇసుకమేటపై కూర్చుండును. దిగుపోటు తాకిడికి అది విరిగినచో సరకుతో పాటు మనుష్యులును పోవుదురు. రేవులలోని ముసలి నావికులు పున్నమిని, అష్టమిని లెక్కించి పోటువేళను ఉజ్జాయింపుగా చెప్పుచుండిరి. కొన్ని రేవులలో ఆ లెక్కను కుటుంబరహస్యముగా దాచుకొనినవారు కూడ కలరు.

థామ్సన్ ఫోరియర్ మార్గమును పట్టెను. చంద్రునివలన 12 గంటల 25 నిమిషముల కొకసారియు, సూర్యునివలన 12 గంటల కొకసారియు నీరు ఊగును. చంద్రుడు భూమికి దగ్గరగను దూరముగను పోవుటవలన మరియొక ఊగు, భూమధ్యరేఖకు ఉత్తర దక్షిణములకు జరుగుటవలన ఇంకొకటి, ఇట్లు పెక్కు ఊగులు కలవు. ప్రతియూగునకును వ్యవధి జ్యోతిషగణితమువలన ముందే తెలిసినది. ఒక రేవులో దాని ఎత్తు ఎంత, అది ఎంత ఆలసించి వచ్చును అను రెండు అంకెలు మాత్రము ఆ రేవునందే కొలిచి తెలిసికొనవలెను. ఒక సంవత్సరముపాటు గంటగంటకు నీటిమట్టము వ్రాసిన యెడల ఆ అంకెలు బయటపడును. వానిని మరల కూర్చినచో రాబోవు సంవత్సరపు పోటులు తెలియును.

వ్రాయుటకు పోటుకొలత యంత్రము కావలెను. దాని నిర్మాణము సరళమైనది. ఒడ్డున ఒక నిలువు గొట్టమును పాతుదురు. దాని అడుగున చిన్న రంధ్రము మాత్రముండును. పైకెగయు అలలు ఆ రంధ్రముగుండా చొరబడజాలవు. మెల్లగా మారు మట్టము మాత్రము లోపలికి వచ్చును. గొట్టములోని నీటిపై ఒక బెండు తేలుచుండును. బెండునకు కట్టిన తీగ చక్రముమీదుగా పోయి ఒక పెన్సిలును కదపును. గడియారముచే తిరుగుచుండు కాగితపుచుట్టపై ఆ పెన్సిలు రాత్రింబవళ్లు వంకరగీతను గీయుచునే యుండును. దినదినమును గడియారమును సరిచూచుట, నీటిలో పాతిన కొలతకఱ్ఱతో గీతను సరిపోల్చుట, చుట్టను మార్చుట అచటివాని పని. అది పేరు తెచ్చు పని కాదు. ఒక్కదినము ఏమరినను పూరింపరాని లోపము కలుగును.

కొలతలు చేరినవి. ఇక లెక్క మిగిలెను. పదియేసి, ఇరువదియేసి ఊగులను ప్రతి గంటకును కూడి సంవత్సరమంతటికి పట్టిక కట్టుట గణకులకు దుస్సాధ్యమగు శ్రమ. ఆ కూడికను యంత్రముచేత చేయింపవలెనని థామ్సనుకు తోచెను గాని, వేర్వేరు చలనములను ఒక్కచోట కలుపుట ఎట్లో తెలియకుండెను. 1872 ఆగస్టున బ్రిటిష్ వైజ్ఞానికసంఘపు సభకై అతడు బ్రైటన్ పట్టణమునకు రైలులో పోవుచుండెను. అదే పెట్టెలో టవర్ అను ఇంజనీరు కూర్చుండెను. థామ్సన్ తన చిక్కును అతనికి చెప్పెను. వీట్‌స్టన్ చేసిన తంతియంత్రమొకదానిలో ఒకే గొలుసు పెక్కు కప్పీల చుట్టును పోవును గదా, ఆ పద్ధతి పనికిరాదా యని టవర్ సూచించెను. అంతటితో చిక్కు వీడెను.

ఒక కప్పీని ఒక అంగుళము పైకెత్తినచో, దానిమీదుగా పోవు త్రాడు రెండంగుళములు లాగబడును. ఒకే త్రాటిని పది కప్పీల క్రిందుగను మీదుగను నడిపి, ఒక్కొక్క కప్పీని ఒక్కొక్క ఊగునకు తగిన పండ్లచక్రముతో పైకి క్రిందికి ఆడించిన యెడల, త్రాటికొన ఆ పది చలనముల మొత్తమును తానే చూపును. కొనకు కలము కట్టినచో అది పోటుగీతను గీయును. ఈ విధముగా పది ఊగుల యంత్రము సిద్ధమయ్యెను. దాని పిడిని త్రిప్పుచుండిన యెడల సుమారు నాలుగు గంటలలో ఒక సంవత్సరపు పోటులు కాగితముపై గీయబడుచుండెను. పిదప, అన్న జేమ్సు కల్పించిన యొక సాధనమును ఆధారముగా గొని, వ్రాసిన గీతనుండి ఊగులను విడదీయు మరియొక యంత్రమును కూడ థామ్సన్ నిర్మించెను.

ఈ కీర్తి అంతయు అతని యొక్కనిదే యనుట న్యాయము కాదు. నావికా పంచాంగ కార్యాలయమున పనిచేయుచుండిన ఎడ్వర్డ్ రాబర్ట్స్ అను గణకుడు ఉపసంఘపు లెక్కలను ఏండ్ల తరబడి కట్టెను. ఏ చక్రమునకు ఎన్ని పండ్లుండవలెనో నిర్ణయించినవాడును అతడే. ఎవరి భాగమెంత యను విషయమై తరువాత వారి నడుమ వివాదము కూడ నడిచెను. మహనీయుల చరిత్రలలో ఇట్టివి లేకపోలేదు.

ఈ విద్య మిక్కిలి విరివిగా ఉపయోగపడిన దేశములలో భారతదేశ మొకటి. కచ్ సింధుశాఖ దగ్గర నేల లేచుచున్నదా, క్రుంగుచున్నదా యని తెలిసికొనుటకై 1873లో భారత సర్వే శాఖకు చెందిన బెయిర్డ్ అను అధికారి అచట పోటుకొలత యంత్రములను నెలకొల్పెను. 1877 తరువాత ఆ పని దేశపు తీరమంతటికిని విస్తరించెను. 1880 ప్రాంతముల విశాఖపట్టణమునను, పిదప కాకినాడలోను పోటుగీతలు గీయబడినవి. ఆ గీతలకు గణితము కట్టి భారతదేశపు రేవుల పోటులను ముందుగా తెలుపుటకై 1879లో లండనులో ఇరువది ఊగుల యంత్ర మొకటి ప్రత్యేకముగా నిర్మింపబడెను. దానిని రూపొందించినవాడు రాబర్ట్స్, మూలభావము థామ్సనుది. సంవత్సర సంవత్సరమును పోటుపట్టికలు అచ్చుపడి ఓడలకు అందెను. ఆ యంత్రము 1921లో డెహ్రాడూనుకు చేరెను.

విశాఖతీరపు పెన్సిలు తనను అడుగని సంగతులను కూడ వ్రాసెను. 1881 డిసెంబరు 31న నికోబారు దీవులచెంత భూకంపము కలుగగా, పోటుగీతపై చిన్నచిన్న వణకులు కనిపించెను. 1883 ఆగస్టు 27న జావా సమీపమున క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. ఆ యుత్పాతమున ముప్పదియారువేలకు పైగా జనులు మరణించిరి. ఆ సముద్రపుటలలు వేలమైళ్లు నడిచి నాగపట్టణము, మద్రాసు, విశాఖపట్టణము రేవులలోని కాగితముల మీద ఒకదాని వెంట నొకటిగా గుర్తులుంచిపోయెను. ఆ గుర్తుల వేళలను బట్టి అలలు మహాసముద్రమును ఎంత వేగమున దాటినవో లెక్కించుట సాధ్యమయ్యెను.

ఇంకొక ఫలము కూడ కలిగెను. భూగర్భమంతయు కరగిన ద్రవమనియు, నేల దానిపై పలుచని పెంకువంటిదనియు ఆ కాలమున పలువురు తలంచుచుండిరి. థామ్సన్ దానిని అంగీకరింపలేదు. నేల పలుచని పెంకైనచో చంద్రుడు నీటితో పాటు నేలను కూడ లేవనెత్తును. అప్పుడు ఒడ్డున నిలిచినవానికి పోటు వచ్చినట్లే కానరాదు. పోటు కానవచ్చుచున్నది గనుక భూమి ఉక్కువలె గట్టిదై యుండవలెనని అతని వాదము. చార్లెస్ డార్విన్ కుమారుడగు జార్జి డార్విన్ 1882లో భారతదేశపు రేవుల కొలతలను కూడ చేర్చి గణించి, ఆ వాదము యుక్తమేయని తేల్చెను. భూకేంద్రమునకు చుట్టును ద్రవభాగము కలదని తరువాతి కాలపు భూకంపశాస్త్రము తెలిపినను, మొత్తముమీద భూమి గట్టిదన్న మాట నిలిచినది.

అతని మాటలన్నియు నిలువలేదు. భూమి చల్లారు వేగమును లెక్కించి, దాని వయస్సు కొన్ని కోట్ల సంవత్సరములు మాత్రమేయని అతడు తుదివరకు పట్టుపట్టెను. భూగర్భశాస్త్రజ్ఞులు అది చాలదని ఎంత మొరపెట్టినను చెవినిడలేదు. నేటి నిర్ణయము ప్రకారము భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు. గణితములో తప్పులేదు, ఆరంభమున ఊహించుకొన్నవి తప్పినవి. పోటుల విషయమున రేవురేవునకును కొలత కోరినవాడే, ఇచట కొలువరానిదానిని ఊహతో పూరించెను.

1874లో అతడు ఫ్రాన్సెస్ అను ఆమెను రెండవ వివాహమాడెను. 1892లో ప్రభుపదవి లభించినపుడు, తన విశ్వవిద్యాలయము చెంత పారు కెల్విన్ అను చిన్న నది పేరును స్వీకరించెను. 1899లో ఆచార్యపదవిని విడిచెను. విడిచిన వెంటనే అదే విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా తన పేరు వ్రాయించుకొనెను. పదేండ్ల బాలుడుగా చేరిన చోటనే, డెబ్బదియైదేండ్ల వృద్ధుడై మరల విద్యార్థి యయ్యెను. 1907 డిసెంబరు 17న మరణింపగా, లండనులోని వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున న్యూటను సమాధి ప్రక్కనే అతని దేహమును ఉంచిరి.

అతని కప్పీల యంత్రములు అటుపిమ్మట కూడ చిరకాలము పనిచేసెను. 1944 జూన్ 6న నార్మండీ తీరమున సేనలు దిగుటకు అనువైన పోటువేళను గణించినవి ఆ జాతి యంత్రములే.

అతడు మరణించిన రెండేండ్లకు, 1909లో, భారత సర్వే శాఖ దేశమంతటి ఎత్తులకు ఒక్క మూలము నేర్పరచెను. తొమ్మిది రేవులలో ఏండ్ల తరబడి వ్రాసిన పోటుగీతల సగటును సున్నగా గ్రహించిరి. కరాచీ, బొంబాయి, మద్రాసు మున్నగు వానితో పాటు విశాఖపట్టణము ఆ తొమ్మిదింటిలో ఒకటి. తొమ్మిదిచోట్లను సగటు మట్టము సరిగా ఒక్కటే కాదని తరువాత తెలియవచ్చెను గాని, భేదము స్వల్పము. తీరమున గుర్తించిన ఆ సున్ననుండి బయలుదేరి, రెండు కొలతకఱ్ఱల నడుమ రసమట్టపు దుర్భిణిని నిలిపి, అడుగడుగునకు ఎత్తును కూడుకొనుచు సర్వేవారు లోనాడులకు నడిచిరి. తెలంగాణపు రాతినేలల ఎత్తులు ఆ విధముగా నిర్ణయింపబడినవి.

కాగితముపై గీతగీయు పెన్సిలునకు బదులు నేడు రేడియో తరంగములతో నీటిమట్టమును కొలుచు సాధనములు రేవులలో నిలిచినవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి తీరమున వేలమందిని బలిగొనిన పిమ్మట, 2007లో హెచ్చరిక కేంద్ర మొకటి స్థాపింపబడినది. అది సముద్రతీరమున లేదు. భువనగిరికి పడమట, హైదరాబాదులో, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమున నున్నది. విశాఖ మొదలగు రేవుల పోటుకొలతలు రాత్రింబవళ్లు అచటికి చేరుచున్నవి.